కట్టె గోడకు ఆనొద్దు

సోమవారం పొద్దున హాస్టల్‌లో టిఫిన్ లైన్‌లో ఉండగా అవ్వ ఫోన్ చేసింది. "పెద్దబాపు పోయిండు బిడ్డా" అంది. వెనకున్న అమ్మాయి జరగమంటే జరిగాను. చేతిలో ప్లేటు అలాగే ఉంది. ఆయన ముఖం కంటే ముందు నాకు మా ఇంటి పడమటి గోడ గుర్తుకొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఆయనెవరో ముందు చెప్పాలి.

పెద్దబాపు మాకు చుట్టం కాదు. పక్కింటాయన. మా ఊరు ఆదిలాబాద్ నుంచి బస్సులో గంట దూరం. మా వాడలో చివరి రెండిళ్లు ఆయనదీ మాదీ. మా ఇల్లు దాటితే ముళ్లకంచె, కంచె దాటితే టేకు అడవి. మా దగ్గర అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. బాపు మస్కట్‌లో పనిచేస్తాడు కాబట్టి ఇంట్లో అవ్వా నేనే. నేను కరీంనగర్‌లో డిగ్రీకి వచ్చాక అవ్వ ఒక్కతే. అందుకే పెద్దబాపు పొద్దునే మా వాకిట్లోకి ఓసారి తొంగిచూసి, అవ్వ పొయ్యి వెలిగించిందని తెలుసుకున్నాకే తన ఇంట్లో చాయ తాగేవాడు.

ఆయన చాలా ఏళ్లు ఎండాకాలమంతా అడవి కాపలా కాశాడు. మంట ఎక్కడ లేచిందో పొగను బట్టి చెప్పి, పరుగెత్తి వెళ్లి ఆర్పే కూలీ. పచ్చికొమ్మలతో మంటను కొట్టి ఆర్పుతారు. ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు ఉండేవి కావు. వయసైపోయిందని పనిలోంచి ఆపేశాక అడవిని వదిలి ఇళ్ల మీద పడ్డాడు. హోలీ పండుగ అయిన మర్నాడు మొదలుపెట్టి వానలు పడేదాకా వారానికోసారి వాడంతా తిరిగేవాడు. ఇంటి చుట్టూ మూడు అడుగుల నేల మీద ఒక్క ఎండుటాకు ఉండకూడదు. పత్తికట్టె కుప్ప గోడకు ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. పత్తి నిల్వ ఉన్న అర్రలోకి అగరుబత్తి కూడా పోకూడదు. పొయ్యి బూడిదను నీళ్లు చల్లిన తర్వాతే పెంటమీద పోయాలి. వాకిట్లో డ్రమ్ము నిండా నీళ్లు, దాని మీద రెండు గోనెసంచులు. చివరిది, మంటను కొట్టడానికి చూరుకు కట్టిన ఒక పచ్చి నేరేడు కొమ్మ. ఆ కొమ్మ మాత్రం ఎవరూ తెచ్చుకోనక్కర్లేదు. ప్రతి ఇంటికీ ఆయనే తెచ్చి కట్టేవాడు, ఎండిపోతే మార్చేవాడు.

దూరాలన్నీ తన అడుగులతోనే కొలిచేవాడు. వాడలో ఆయనకు 'అడుగుల పట్వారీ' అని పేరు పెట్టారు. మోకాళ్లు నొప్పి పట్టాక అడుగులు చిన్నవయ్యాయి. అది ఆయనకూ తెలుసు. ఇరవై కొలిచాక ఆగి, "నా అడుగులు గుంజుకపోయినయ్, ఇంకో రెండెయ్" అనేవాడు. ఎదురింటి అక్క ఓసారి, మా ఇంట్లో మంట కంటే మా అత్త నోరే ఎక్కువ, దానికేదన్నా చెప్పు అంది. ఆయన నవ్వకుండా, "గా మంటకు సరిపోయే గోనెసంచి నా దగ్గర లేదు బిడ్డా" అన్నాడు. లోపలి నుంచి అత్త కూడా నవ్వింది.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఈ కట్టుబాట్లన్నీ కాగితం మీద రాసివ్వమని అడిగాడు. పంచాయతీ గోడకు అంటించడానికి. అప్పుడప్పుడే నాకు మాటల మీద పిచ్చి మొదలైంది. కొత్త మాట దొరికితే అది ఎక్కడ వాడదామా అని చూసేదాన్ని. రెండు పేజీలు రాశాను. వనమాత పచ్చని ఒడి, అగ్నిజ్వాలల కరాళనృత్యం, అన్నీ ఉన్నాయి. చదివి వినిపిస్తే చెవి దగ్గరగా పెట్టి చివరిదాకా విన్నాడు.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు. "గని, ఇది ఇన్నోడు ఇంటికి వొయ్యి ఏం జెయ్యాలె?"

కొత్త కాగితం తీసుకున్నాను. అప్పుడు ఆయన చెబుతుంటే రాశాను. ఆరు వాక్యాలే. మొదటిది, కట్టె గోడకు ఆనొద్దు. అంత చిన్న వాక్యాన్ని నేను అంతకుముందు రాసి ఎరగను. దాన్ని చదివినవాడు లేచి వెళ్లి కట్టె జరపాలి. మరో పని దానికి లేదు. కాలేజీలో ఎంతమంది సార్లు చెప్పినా, రాయడం గురించి నాకు మొదట తెలిసింది ఆయన ఇంటి అరుగు మీదే. ఆ కాగితం ఇప్పటికీ పంచాయతీ గోడకు ఉంది. అది నా చేతిరాత. అందుకే నేను చెప్పబోయేది చెప్పడం కష్టంగా ఉంది.

మా దగ్గర పత్తి ఏరడం అయిపోయాక చెట్లను పీకి ఆ కట్టెను ఏడాది పొడుగునా పొయ్యిలోకి వాడుకుంటాం. ఈసారి ట్రాక్టర్ అతను తొందరలో ఉండి మా కట్టెనంతా పడమటి గోడకు ఆనించి దించిపోయాడు. పొయ్యికి దగ్గర, అవ్వకు నడుమునొప్పి. రేపు జరుపుదాం, మాపు జరుపుదాం అనుకుంటూ ఉండిపోయాం. గోడకు అవతలే అర్ర. అర్ర నిండా పత్తి. మంచి ధర వచ్చేదాకా ఆగమన్నాడు బాపు.

హోలీ తర్వాత పెద్దబాపు అవ్వకు రెండుసార్లు చెప్పాడు. మూడోసారి నేను సెలవుకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఆదివారం నేనే జరుపుతానన్నాను. ఒట్టు అని కూడా అన్నాను. ఆయన కుప్ప వైపు చూసి, "సరే, ఐతారం" అన్నాడు.

ఆదివారం పొద్దున కరీంనగర్ బస్సు ఎక్కాను. సోమవారం కాలేజీలో వ్యాసరచన పోటీ ఉంది, ముందే వెళ్లి లైబ్రరీలో చదువుకోవాలనిపించింది. బ్యాగు భుజాన వేసుకుని వస్తుంటే పెద్దబాపు అరుగు మీద ఉన్నాడు. బ్యాగును చూశాడు. మా గోడను చూశాడు. ఏదన్నా అంటాడనుకున్నాను. "పైలంగ పో బిడ్డా" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం అడవి అంటుకుంది. ఇప్పపూలు ఏరేవాళ్లు చెట్ల కింద ఆకులను కాలుస్తారు, పువ్వు తెల్లగా కనబడాలని. ఎవరు కాల్చారో తెలియదు, గాలి మాత్రం మా వాడ వైపు తిరిగింది. అవ్వ, వాడలోని వాళ్లంతా చేన్ల దగ్గర ఉన్నారు. పొగ చూసినది పెద్దబాపు ఒక్కడే. భార్యను, మా పెద్దవ్వను, చేన్ల వైపు పంపి, పొడుగాటి కొంకికట్టె తీసుకుని మా గోడ దగ్గరికి వచ్చాడట. కుప్పను లాగి, మోపు తర్వాత మోపు ఈడ్చి, బాట అవతల ఖాళీ జాగాలో పడేశాడు. జనం వచ్చేసరికి మూడు వంతుల్లో రెండు వంతులు జరిపేశాడు. మిగిలింది అంటుకుంటే దాన్ని కూడా లాగాడు. గోనెసంచులతో, ట్యాంకర్ నీళ్లతో అందరూ కలిసి మంటను ఆర్పారు. మా గోడ మూల ఒకటి నల్లబడింది. వాడలో ఇంకే ఇంటికీ ఏమీ కాలేదు. పెద్దబాపు మా గడప మీద కూర్చుని లేవలేకపోయాడు. ఎన్నో ఏళ్ల పొగ ముందే ఆయన ఛాతీలో ఉంది.

శుక్రవారం నేను కరీంనగర్ నుంచి నేరుగా ఆదిలాబాద్ దవాఖానకు వెళ్లాను. బస్సులో దారంతా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. మంచం పక్కన నిలబడ్డాక ఒక్కటీ గుర్తులేదు.

"పెద్దబాపు, కట్టె..." అన్నాను.

ఆయన ముక్కు మీది మాస్కు పక్కకు జరిపాడు. "గోడ చల్లగున్నదా?" అని అడిగాడు.

నేను ఇంకా మా ఊళ్లోకే అడుగుపెట్టలేదు. గోడను చూడనే లేదు. "చల్లగున్నది" అన్నాను.

"గంతే ఇగ" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, కొమ్మలు ఎండిపోయి ఉంటాయి, జర చూడమన్నాడు. పెద్దవ్వ కోప్పడి మాస్కు మళ్లీ సరిచేసింది. మర్నాడు పరీక్షలు మొదలు కాబట్టి నేను అటునుంచి అటే హాస్టల్‌కు వచ్చేశాను. పది రోజులకు ఈ ఫోన్.

నేను ఊరు చేరేసరికి వాగు ఒడ్డున చితికి కట్టెలు పేర్చారు. నేను ఆడవాళ్లతో పాటు దూరంగా నిలబడ్డాను. నిప్పు పెట్టే ముందు ట్రాక్టర్ అతను వంగి చేత్తో ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు కొమ్మలు విరిచి ఊడ్చారు. ఎదురింటి అక్క భర్త చితి పక్కనుంచి అడుగులు వేశాడు. ఒకటి, రెండు, మూడు. ఆగాడు. వెనక నుంచి ఎవరో, "ఇంకో రెండెయ్" అన్నారు. వేశాడు. ఆ జాగంతా ఆకు లేకుండా ఊడ్చి, బిందెలతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టిన తర్వాతే నిప్పు పెట్టారు. అప్పటిదాకా ఏడవని పెద్దవ్వ అప్పుడు ఏడ్చింది.

మర్నాడు చూస్తే వాడలో అన్ని చూర్లకూ కొమ్మలు ఎండి ఉన్నాయి. ఎండుటాకులు రాలి, ఊడ్చిన నేల మీద పడుతున్నాయి. ఎండాకాలం అడవంతా మోడుబారి ఉంటే ఇంత పచ్చికొమ్మ ఆయన ఎక్కడి నుంచి తెచ్చేవాడో పెద్దవ్వకు కూడా తెలియదు. అడిగితే నవ్వేవాడట. కొడవలి తీసుకుని వాగు వెంట పైకి నడిచాను. నీళ్లు లేవు, ఇసుక కాలుతోంది. చాలా దూరం పోయాక మలుపులో ఒక నేరేడు చెట్టు కనబడింది, ఒంటినిండా ఆకుతో. దగ్గరికి పోతే కింది కొమ్మల నిండా కోతలు. అన్నీ ఏటవాలుగా, నున్నగా. ఏ ఒక్క కొమ్మనూ మొదటిదాకా కోయలేదు. పాత కోతల పక్కన కొత్త కొమ్మలు లావెక్కాయి. ఈ ఏటి కోతల పక్కన ఎర్రటి చిగుళ్లు, గోరంతవి.

నేనూ ఏటవాలుగానే కోశాను. చేతకాక రెండుసార్లు చీలింది. మొదటి రోజు అయిదు ఇళ్లకే అందాయి.

మా ఇంటికి కట్టడం అయ్యాక పడమటి గోడ దగ్గరికి వెళ్లాను. కట్టె లేదు. నల్లటి మూల ఉంది. కింద మూడు అడుగుల నేల శుభ్రంగా ఉంది. మసి మీద అరచేయి ఆనించాను. మూడో జాము ఎండకు గోడ కాలుతోంది. పొద్దు గూకి అది చల్లబడేదాకా నేను చేయి తీయలేదు.