ప్రమాణం చెయ్యని మామ, అమ్ముడుపోని ఇల్లు

నమ్మి ఎవరి చేతిలో తాళంచెవి పెట్టారో ఆ మనిషినే, ఇంటి ధర పడిపోయిందని దొంగ అంటారా? మిమ్మల్నే అడుగుతున్నాను. పెనుకొండలో మా మేనమామ మొన్న ఆదివారం చర్చికి, ఆరాధనకు బయలుదేరి, చెప్పులు వేసుకుంటూనే ఒరిగిపోయాడు. దొంగ అన్న మాట ఆయన మీద అట్లాగే ఉండగా మట్టి వేశాం.

హిందూపురంలో మా పెద్దమ్మ కట్టుకున్న ఇల్లుంది. తన తరువాత దాన్ని అమ్మి, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే కొడుకులిద్దరికీ చెరిసగం ఇవ్వమని వీలునామాలో తమ్ముడికి, అంటే మామకు, అప్పగించి, రెండువేల ఎనిమిదిలో కన్నుమూసింది. అంతకు ముందు ఏడాది బెంగళూరు కార్లు మన వీధుల్లో స్థలాల కోసం తిరిగేవి. ఆ ఏడాది ఒక్క కారూ రాలేదు.

మామ మాత్రం వారం వారం బస్సెక్కి పోయేవాడు. కసువు ఊడ్చి, కిటికీలన్నీ తెరిచేవాడు. "గాలాడని ఇల్లు యెవురు కొంటారప్పా?" అనేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు వంటింటి గోడ పగులు తానే ముందు చూపించేవాడు. "మామా, నువ్వు ఇల్లు అమ్మేదానికి వచ్చినావా, చెడగొట్టేదానికి వచ్చినావా?" అని పెద్దమ్మ చిన్నకొడుకు నెత్తి కొట్టుకుంటే, "రేపు కొన్న ఆయప్ప ఈ గోడ కిందనే పండుకోవల్ల గదరా" అని నవ్వేవాడు.

తక్కువకు ఒక బేరం వచ్చింది. పెద్దకొడుకు ఆగమన్నాడు, చిన్నకొడుకు ఇచ్చెయ్యమన్నాడు. "మీరిద్దరూ ఒక మాట చెప్పండిరా, ఈ పొద్దే అమ్ముతా" అన్నాడు మామ. ఆ ఒక్క మాట రాలేదు. ధర ఇంకా దిగింది. అప్పుడు మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు! మామ బ్రోకరుతో కుమ్మక్కయ్యాడని ఊరంతా చెప్పి, ఒక ఆదివారం ఆరాధన ముగియగానే సంఘం ముందు నిలబెట్టారు.

"గ్రంథం మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యి మామా. తప్పు చెయ్యకుంటే భయమెందుకు?"

ఎంత గుడ్డితనం! ఒట్టు పెట్టుకోవద్దన్న గ్రంథం మీదే ఒట్టు వెయ్యమంటారా? అదే మాట లేచి అరిచాను. "కూచోప్పా, ఈడ నీ ప్రసంగం వద్దు" అన్నాడు పెద్దకొడుకు. మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేనేం తినలేదురా. ఔనంటే ఔను, కాదంటే కాదు. అంతకు మించి నా నోట రాదు" అన్నాడు.

చెయ్యి పెట్టలేదు కాబట్టి దొంగేనని తీర్పిచ్చి మెట్లు దిగిపోయారు. అంత జనంలో నేను తప్ప ఇంకొక్కరూ అడ్డం రాలేదు. వాక్యం రోజూ చదివే జనం!

మరుసటి వారం మామ మళ్ళీ బస్సెక్కాడు. అక్కకిచ్చిన మాట కదా. చనిపోవడానికి రెండు రోజుల ముందు కూడా వెళ్ళి, గోడలకు సున్నం కొట్టించి, తడి ఆరాలని కిటికీలు తెరిచే వచ్చాడు.

సమాధి దగ్గర ఆ ఇద్దరూ గుండెలు బాదుకున్నారు. ఆ ఏడుపు నాకొద్దు. మామ జేబులోని తాళంచెవిని మా అత్త కొంగున ముడేసుకుంది. హిందూపురం మీద మబ్బు కమ్ముతోంది, పచ్చి సున్నం గోడల మధ్య ఆ కిటికీలు ఇంకా తెరిచే ఉన్నాయి. అన్నదమ్ములారా, ఈ సాయంత్రం ప్రార్థనకు ఆ జనమే వస్తారు. దొంగ అన్న చోటే నిలబడి ఆ మాట వెనక్కి తీసుకోండి. నోరు మూసుకున్న సంఘమా, నువ్వూ లేచి నిలబడు. ఆ తరువాతే అత్త ముందు తాళంచెవికి చెయ్యి చాపండి. రేపు కాదు. ఈ పొద్దే, వాన పడకముందే.