డోరీన్ క్యారట్ మడి

మా కొండవాలు తోటల్లో డోరీన్ ఆక్రాయిడ్‌ని ఏడిపించడానికి వాల్టర్‌కి ఒక్క ప్రశ్న చాలు. "ఏం డోరీన్, ఈ ఏడు ప్రదర్శనకి క్యారట్లా, పువ్వులా?"

డోరీన్ బడి వంటశాలలో పనిచేసి రిటైరయింది. ఈ యార్క్‌షైర్ ఊళ్లో సగం మంది ఆవిడ వడ్డించింది తిని పెరిగినవాళ్లే. మునిసిపాలిటీ అద్దెకిచ్చే తోటల్లో నా మడికి ఒకపక్క ఆవిడది, ఆవిడకి అటుపక్క వాల్టర్‌ది. ఏటా జరిగే ఊరి కూరగాయల ప్రదర్శనలో ఉల్లికీ బీన్సుకీ ఆవిడకి బహుమతులొచ్చాయి. క్యారట్‌కి మాత్రం ఎప్పుడూ వాల్టరే. సెప్టెంబరు ప్రదర్శనలో మూడు క్యారట్లు పెట్టి అతన్ని ఓడించాలని ఆవిడ పట్టుదల.

అడ్డుపడింది ఒక నీలం పువ్వు. మన నల్లజీలకర్రకి దగ్గరి చుట్టం. డోరీన్ ఎప్పుడో ఒక్క పొట్లం గింజలు చల్లింది, మళ్లీ చల్లే పనే లేకపోయింది. పువ్వు రాలాక బుడగలాంటి కాయ వస్తుంది. కోతల పండుగకి చర్చిలో పెట్టే ఎండుకాయలు డోరీనే ఇవ్వాలి. అందుకని వాటిని మొక్కమీదే ఎండనిచ్చేది. అవి పగిలి మడినిండా గింజలు రాలేవి. ఆ మొలకల ఆకు అచ్చం క్యారట్ ఆకులా సన్నగా, ఈకల్లా ఉంటుంది. ఒక వసంతంలో డోరీన్ కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్లమీద కూర్చుని, శ్రద్ధగా కలుపు తీసింది. తీరా జూన్లో చూస్తే పీకినవన్నీ క్యారట్లు, పెంచినవన్నీ పువ్వులు. వాల్టర్ ప్రశ్న అప్పుడే పుట్టింది.

ఆ కోపంతో ప్రతి మార్చిలోనూ పారతో మడిని లోతుగా తిరగవేసేది. తవ్వినకొద్దీ ఇంకా మొలిచేవి.

కిందటి ఆగస్టులో మా చంటిపాప మేఘ ఆ ఎండుకాయ ఒకటి చప్పరిస్తూ కనిపించింది. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు. నోట్లో వేలు పెట్టి చివరి గింజదాకా తీసేశాను.

"ఏం కాదు తల్లీ, పక్షులు తింటాయి," అంది డోరీన్.

"పక్షులకి నేను తల్లిని కాదు కదా. కాయలు పగలకముందే కోసెయ్యకూడదా?"

"పచ్చికాయ ముడుచుకుపోతుంది."

"కోసి వేలాడదీసి చూడండి."

గొణుక్కుంటూనే అన్నీ కోసింది. కట్టలు కట్టి, కాయలున్న వైపు పాత దిండుగలేబులో దూర్చి, షెడ్డులో తలకిందులుగా వేలాడదీసింది. ఒక్కటీ ముడుచుకోలేదు. రాలిన గింజలు గలేబులోనే ఉండిపోయాయి.

కొత్తవి పడటం ఆగింది. పాతవో? లోతున ఉన్న గింజ అలాగే నిద్రపోతుందనీ, తవ్వినప్పుడల్లా దాన్ని మనమే పైకి తెచ్చి మొలిపిస్తున్నామనీ చెప్పాను.

"జామ్ మీద నురగ తీసేటప్పుడు అడుగునుంచి కలుపుతామా?" అంది డోరీన్. "పైపైన తీస్తాం. ఇంక రాకుండా అయ్యేదాకా తీస్తాం."

ఈ మార్చిలో ఆవిడ తవ్వే పార ముట్టలేదు. మట్టి చదునుచేసి, తడిపి, వెచ్చగా ఉండేలా పలచటి తెల్లగుడ్డ కప్పింది. గింజలు గుంపులుగా మొలిచాయి. క్యారట్ ఇంకా విత్తలేదు కాబట్టి మొలిచిందల్లా శత్రువే, కళ్లద్దాలతో పనిలేదు. దోకుడుపారతో పైపైన గీకేసి మళ్లీ కప్పింది. మళ్లీ గీకింది.

"అందరి క్యారట్లూ మొలిచాయి. నువ్వింకా మట్టికి దుప్పటి కప్పుతున్నావా?" అన్నాడు వాల్టర్ కంచెమీంచి.

"పడుకున్నవాళ్లని లేపుతున్నా. నీకెందుకు కంగారు?"

మే నెలలో ఒకరోజు గుడ్డ ఎత్తితే కింద నల్లటి మట్టి, అంతే. అప్పుడు విత్తింది, మట్టి కదలకుండా సన్నటి గీతలు గీసి. గీత తప్పి మొలిచిన పువ్వు మొలకలు ఏ రెండో మూడో, వాటినీ పీకేసింది.

సెప్టెంబరు ప్రదర్శన డేరాలో నల్లగుడ్డ మీద మూడు క్యారట్లు, తోక కొస కూడా తెగకుండా. పక్కన మొదటి బహుమతి ఎర్రకార్డు. వాల్టర్‌ది రెండోది. అతను వంగి చాలాసేపు చూశాడు.

"నిజంగా క్యారట్లే."

"ముట్టుకో. కొరక్కు."

అతను గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ ఆ నీలంపువ్వు కావాలంటోంది. నీ మడిలో మొలకలేమైనా ఉంటే..."

"నా మడిలో ఒక్కటీ లేదు వాల్టర్," అంది డోరీన్, ఎర్రకార్డుని అతనివైపు కొంచెం తిప్పుతూ. "గలేబునిండా గింజలున్నాయి, పట్టుకుపో. నీ క్యారట్ల పక్కనే చల్లుకో."