స్టెప్నీ రంగు ఇంకా తేలలేదు

గౌరయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు, చక్రాలు గుర్తుంటాయి. సూర్యాపేటలో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకుని నలభై ఏండ్లుగా పాత కార్లకు రంగులేస్తున్నాడు. ఎవరొచ్చినా ముందు వాళ్ల బండి పక్కన గొంతుక్కూర్చుని చక్రానికి నమస్తే పెడతాడు. తర్వాత మనిషికి. ఆ రెండోది ఒక్కోసారి మర్చిపోతాడు.

సొంత వియ్యంకుడు ఎదురైతే ఎవరో తెలియక బిత్తరపోయి, ఆయన జీపు వెనక చక్రం చూశాకే కావలించుకున్నాడట. చావింటికి పోయినా ఇదే వరస. శవాన్ని తీసుకుపోయే వ్యాను దగ్గర కూర్చుని, ఈ మోడలుకు నీలం చక్రాలు ఏ బుద్ధిమంతుడు వేశాడని డ్రైవరును నిలదీస్తే, ఏడ్చేవాళ్లు కూడా ఏడుపు ఆపి చక్రాల వైపు చూశారు.

అట్లాంటి మనిషి చేతిలో ప్రవీణ్ తన పెండ్లి కారు పెట్టాడు.

ప్రవీణ్‌ది మిర్యాలగూడ. తాత వదిలిపోయినవి రెండు: ఒక రైసుమిల్లు, ఒక డెబ్బైమూడు మోడలు అంబాసిడర్. మిల్లు నడుస్తుంది, కారు నడవదు. కోదాడలో రోజాతో సంబంధం ఖాయమైన రోజు, పులిహోర తిన్న ఊపులో, పెండ్లికి తాత కారులోనే వస్తానని అత్తగారి వాళ్లందరి ముందు అనేశాడు. పెండ్లి కార్డుల కంటే ముందు ఆ మాట కోదాడంతా తిరిగింది. ఇంజన్ బతికింది, బాడీకి రంగు పడింది. ఇక చక్రాలే మిగిలాయి. తళతళలాడే సిల్వర్ కొట్టు తాతా, రెండు రోజుల పని కదా అని ప్రవీణ్ కారు తెచ్చి షెడ్డులో దించి ఇరవై రోజులైంది.

కారు దించిన రోజే గౌరయ్య బ్లేడు తీసి చక్రం అంచు గీకాడు. జాతకం చూసే అయ్యగారిలా తల ఊపుతూ ఒక్కో పొరా చదివాడు. పైన సిల్వర్. దాని కింద నీలం, ఏదో ఎలక్షన్లప్పటిది. దాని కింద ఆకుపచ్చ.

"గీ ఆకుపచ్చ మీ తాత మెడ మీద కూసుంటే నేనే కొట్టిన. గా పాపం ఇంకా తగుల్తనే ఉన్నది."

ఆకుపచ్చ కింద, ఎర్ర ప్రైమరు మీద, గోరంత మేర లేత రంగు కనపడింది. గౌరయ్య మొహం వెలిగింది.

"సిల్వర్ గిల్వర్ మరిచిపో బిడ్డా. గీ బండికి సిల్వరేస్తె ముసలమ్మకు జీన్స్ పాయింటు తొడిగినట్టుంటది. దీని అసలు రంగు మీగడ. ఏ మీగడ అన్నది తేలాలె."

మీగడలో రకాలుంటాయని ప్రవీణ్‌కు ఆ రోజే తెలిసింది. ఆవుపాలది వేరు, బర్రెపాలది వేరు, కాగి కాగి ఎర్రబడ్డ పాలది వేరు. మెరుపు కూడా తేలాలట. కొత్త స్టీలు గిన్నె మెరుపు పనికిరాదు, నూనె రాసి తుడిచిన చెయ్యి మెరుపు కావాలి. చక్రం మధ్య మూత చుట్టూ సన్నటి ఎర్ర గీత ఉండేదా లేదా అన్నది ఇంకో విచారణ. నట్లకు రంగేసినవాడికి పుట్టగతులుండవట.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ప్రవీణ్‌ను మాట్లాడుతున్న అంటే ఏ ప్రవీణ్ అనేవాడు గౌరయ్య. ఊరు చెప్పినా, మిల్లు చెప్పినా, తాత పేరు చెప్పినా లాభం లేదు. చివరకు "డెబ్బైమూడు అంబాసిడర్‌ను" అంటే, "ఆఁ, చెప్పు బిడ్డా, పానం మంచిగున్నదా" అని ప్రేమ ఒలకబోసేవాడు. రంగు మాత్రం తేలలేదనేవాడు. వారం తిరిగేసరికి ప్రవీణ్‌కు అది నోటికి అతుక్కుపోయింది. ఒకరోజు కాబోయే మామగారికి ఫోన్ చేసి, డెబ్బైమూడు అంబాసిడర్‌ను మాట్లాడుతున్న అన్నాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

కాసేపటికి రోజా ఫోన్ చేసింది. "ఏమండీ, మా నాన్న అడగమన్నారు. కారుకి చక్రాలుంటాయా, మేమే మనుషుల్ని పంపి మోయించుకోవాలా?"

పెండ్లి ఆదివారం. గురువారం పొద్దున ప్రవీణ్ బైకేసుకుని సూర్యాపేట పోతే షెడ్డుకు తాళం ఉంది. రేకుల సందులోంచి తొంగిచూస్తే కారు ఇటుకల మీద, నాలుగు కాళ్లూ తీసిన మంచంలా కూర్చుని ఉంది. పక్కన చాయ్ కొట్టు సువార్తమ్మ గ్లాసులు కడుగుతూ సంగతి చెప్పింది.

"త్రిపురారం పోయిండు. డబ్బా మూతల మీద ఏడు తీర్ల తెలుపేసుకొని సంచిల పట్టుకపోయిండు. దినం తప్పి దినం పోతడు. రంగుకు సాక్షి గక్కడున్నడట."

తెలుపుకు సాక్షి. ప్రవీణ్ వచ్చిన దారినే తిరిగి మిర్యాలగూడ దాటి త్రిపురారం దాకా బైకు తోలాడు. దారి పొడుగునా తిట్లు వరసగా పేర్చుకున్నాడు. ఊళ్లోకి రాగానే, రంగుల ముసలాయన ఎటు పోయాడని అడిగితే జానయ్య ఇల్లు చూపించారు. ఆ పేరు వినగానే పేర్చుకున్న తిట్లలో సగం జారిపోయాయి.

జానయ్య ఆ కారును ఇరవయ్యారేండ్లు నడిపినవాడు. ప్రవీణ్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించినవాడు. ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. చూసి రావాలని ప్రవీణ్ అనుకుంటూనే ఉన్నాడు. మిల్లు సీజను, పెండ్లి పనులు, సాకులకు కరువేముంది.

వాకిట్లో మంచం మీద జానయ్య, కింద గొంతుక్కూర్చుని గౌరయ్య. గౌరయ్య ఒక మూత ఎత్తి, జానన్నా గిదేనా అన్నాడు. జానయ్య కనుబొమ్మలు ముడిపడ్డాయి. మూతి వంకర తిరిగింది, పెదాలు కొట్టుకున్నాయి.

"కా...దు."

ఇంకో మూత. ఇదైతే ఖాయం, నీ బండికి ఉన్నది ఇదే, నీకు మతి తప్పిందన్నాడు గౌరయ్య. జానయ్య ఎడమ చేత్తో మంచం పట్టె గుద్దాడు.

"నీ కండ్లు... పోయినయా? గది... సున్నం."

తలుపు దగ్గర జానయ్య భార్య రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన మాటకో వేలు ముడుస్తూ లెక్కపెడుతోంది. ప్రవీణ్‌ను చూసి పక్కకు వచ్చింది.

"ఎట్లన్న మాట్లాడియ్యుమన్నడు డాక్టర్. మేం పలకరిస్తె గోడ దిక్కు తిరుగుతుండె. గీయన తప్పు రంగులు తెచ్చి తిట్లు తింటుండు. మొదటి దినం 'థూ' అన్నడు బిడ్డా. గా థూ వినంగనే నాకు పానం లేచొచ్చింది."

మరి అసలు రంగో అని ప్రవీణ్ గౌరయ్యను మెల్లగా అడిగాడు. గౌరయ్య సంచి అడుగు నుంచి ఊరగాయ సీసా తీసి, జానయ్యకు కనపడకుండా చూపించాడు. నిండా మీగడ రంగు.

"నువ్వు కారు దించిననాడే కలిపిన. నలభై ఏండ్ల పని, గోరంత కనపడితె సాలదా? ఎల్లుండి పొద్దుగాలకు నాలుగు చక్రాలు తయారుంటయ్. నువ్వు ఊకో." అని మంచం వైపు తిరిగి గొంతు పెంచాడు. "జానన్నా, గీ పిలగాడు మీ అంబాసిడర్‌కు సిల్వర్ కొట్టుమంటుండు."

జానయ్య తల తిప్పి ప్రవీణ్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"మీ తాత... ఉంటే... నీ చెంప... పగులుతుండె."

"ఆరు," అంది రుక్కమ్మ.

ప్రవీణ్ తన బతుకులో తిట్టు తిని అంత సంతోషపడింది లేదు.

ఆదివారం అంబాసిడర్ కోదాడలో దిగింది. మీగడ చక్రాలు, సన్నటి ఎర్ర గీత, నూనె చెయ్యి మెరుపు. ముందు సీట్లో జానయ్య కూర్చుని, గేరు మార్చినప్పుడల్లా నడిపేవాణ్ని ఒక్కో మాట అన్నాడు. పెండ్లికూతురి తండ్రి హారతి పళ్లెం కోసం చూస్తుంటే, గౌరయ్య ఆయన కారు పక్కన గొంతుక్కూర్చుని కనపడ్డాడు.

పెండ్లయిన వారానికి ప్రవీణ్ డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. గౌరయ్యకు ఫోన్ చేసి డెబ్బైమూడు అంబాసిడర్‌ను అన్నాడు.

"స్టెప్నీ రంగు ఇంకా తేలలేదు బిడ్డా," అన్నాడు గౌరయ్య. "జానన్నకు నచ్చుతలేదు."

ప్రవీణ్ నవ్వి ఫోన్ పెట్టేశాడు. రోజాను వెంటబెట్టుకుని మిర్యాలగూడలో పెయింట్ల షాపుకు పోయి, ఉన్నవాటిలో కండ్లు చెదిరే చిలకాకుపచ్చ చిన్న డబ్బా కొన్నాడు. ఇంటికొచ్చి ఒక మూతకు దట్టంగా పూసి, ఆరబెట్టి, సంచిలో వేసుకుని త్రిపురారానికి బండి తీశాడు.

"ఇది చూస్తే ఆయన కొడతారేమోనండీ," అంది రోజా.

"కుడి చేత్తో కొడితే ఇంకా మంచిది," అన్నాడు ప్రవీణ్.