అంతయ్య సైగ

సిరిసిల్లలో సాంచాలు నడిచే కార్ఖానాలో నోటిమాట పనికిరాదు. ఇరవై నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారిగా టకటకలాడుతుంటే పక్కనున్న మనిషి అరుపు కూడా వట్టి పెదవుల కదలికే అవుతుంది. అందుకని అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. నూలు కండెలు అయిపోయాయని ఒక సైగ, కార్ఖానా ఆసామి వస్తున్నాడని ఒకటి, ఎవడి పెండ్లాం అలిగి పుట్టింటికి పోయిందో చెప్పి ఏడిపించడానికి మరొకటి. వినొద్దనుకున్నవాడు చెవులు మూసుకోనక్కరలేదు. తెగిన పోగు ముడివేస్తున్నట్టు తల దించితే చాలు, అవతలివాడి మాట అక్కడికక్కడే ఆగిపోతుంది.

సిద్దిరాములు నలభై రెండేళ్లుగా ఈ మాటల్లోనే బతికాడు. చెవులు సగం పోయాయి, దగ్గు మాత్రం వదలలేదు. అయినా ఊళ్లో అతని పేరు తెలియనివాడు లేడు. చిన్నపిల్లలు కూడా “దయ్యం తాతా” అని పిలుస్తారు.

ఇరవై రెండేళ్ల కిందట సినిమావాళ్లు ఆ కార్ఖానాకు వచ్చారు. అది దయ్యం సినిమానే గానీ కడుపుబ్బ నవ్వించే సినిమా. చచ్చిపోయానన్న సంగతి తెలియని నేతకార్మికుడొకడు రోజూ పొద్దున్నే డ్యూటీకి వచ్చేస్తుంటాడు. తోటివాళ్లకు మనిషి కనిపించడు, బట్ట మాత్రం దిగుతుంటుంది. ఆ వేషం సిద్దిరాములుకు దక్కింది. దయ్యం తోటివాళ్లను చాయ్‌కి పిలిచేది. రెండు వేళ్లతో కణత మీద కొట్టుకుని, చెవితమ్మె లాగి, అరచేతిని సాసరులా పట్టి ఉఫ్ అని ఊదేది. తల దిమ్మెక్కింది, చెవులు పగిలిపోయాయి, చాయ్ తాగుదాం రా అని దాని అర్థం. ఎవరికీ కనిపించదు కనుక ఎవరూ కదిలేవారు కాదు. దయ్యం అలిగి మూతి ముడిచేది. హాలు హాలంతా పడీపడీ నవ్వేది. పెళ్లి ఊరేగింపుల్లో కూడా కుర్రకారు ఆ సైగ చేసి ఎగిరేవారు.

ఆ సైగ సిద్దిరాములుది కాదు, అంతయ్యది. ఎదుటి సాంచ మీద పనిచేసే అంతయ్య రోజూ నాలుగు గంటలకు అట్లాగే పిలిచేవాడు. షూటింగ్ రోజున కెమెరా వెనక నిలబడి, “చెవి జర గట్టిగ గుంజు బావా, ఊడితే నేను కుట్టిస్త” అని నేర్పించింది కూడా అతనే.

సినిమా ఆడాక టీవీవాళ్లు వచ్చి అడిగారు. మైకు ముందు సిద్దిరాములు నోటి నుంచి, “నేనే పుట్టించిన” అన్న మాట జారింది. చాయ్ హోటల్లో పది మంది మధ్య కూర్చుని అంతయ్య అది చూశాడు. తెల్లారి కార్ఖానా గడపలో ఎదురై, “మంచిగ పుట్టించినవ్ బావా. పురుడు గూడ నువ్వే పోసుకున్నవా?” అన్నాడు. అదే ఆఖరు మాట. ఆపైన తొమ్మిదేళ్లు ఆ ఇద్దరూ ఎదురెదురు సాంచాల మీద పనిచేశారు. అంతయ్య చేతులు అతనివైపు లేవలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత ఒక మంగళవారం నాలుగు గంటలకు సిద్దిరాములు తలెత్తేసరికి అంతయ్య ఇటే చూస్తున్నాడు. కణత మీద రెండు వేళ్లు ఆనించాడు. చెవి లాగాడు. అరచేతిలోకి ఊదాడు. ఇన్నాళ్లూ నన్ను ఎండబెట్టి ఇప్పుడు పిలుస్తావా, కొంచెం ఆగు అనుకున్నాడు సిద్దిరాములు. తెగని పోగు మీదికి తల దించాడు.

ఆ రాత్రే అంతయ్య తన ప్రాణం తాను తీసుకున్నాడు. పోలీసులు అడిగినప్పుడు, అంతయ్య భార్య నర్మద ఏడుస్తూ అడిగినప్పుడు కూడా సిద్దిరాములు, “నాతోని ఏం చెప్పలే” అన్నాడు.

అదైన పన్నెండేళ్లకు, మొన్న శ్రావణంలో, హైదరాబాద్ నుంచి కరుణాకర్ అనే అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చాడు. ఇన్నేళ్లూ వస్తుంది, వస్తుంది అన్న రెండో భాగం మొదలవుతోందన్నాడు.

“ఈసారి కథంతా ఆ సైగ మీదే సిద్దిరాములు గారూ! పాత దయ్యం కొత్త దయ్యానికి అది నేర్పిస్తుంది. మీరు లేకపోతే సినిమా లేదు.”

సిద్దిరాములు భార్య అనసూర్య చాయ్ గ్లాసులు పెడుతూ నవ్వింది. “మల్ల దయ్యమైతడా? మా ఇంట్ల గీయన మనిషి అయిందెన్నడు సారూ?”

సిద్దిరాములుకు ఒళ్లంతా వెచ్చబడింది. బతుకులో తనకంటూ మిగిలింది ఆ ఒక్క వేషమే. అప్పుడు కరుణాకర్ ఒక కాగితం తీశాడు. ఆ సైగ తన సొంత సృష్టి అనీ, వాడుకోవడానికి అభ్యంతరం లేదనీ అందులో ఉంది.

“లీగల్ వాళ్లు అడుగుతున్నారండీ, ఊరికే. ఇది లేకపోతే ఆ సీన్లన్నీ పోతాయి, మీ పాత్ర కూడా పోతుంది. రేపు పొద్దున వచ్చి తీసుకుంటాను.”

సాయంత్రం దాకా ఆ కాగితం ముందు కూర్చున్నాడు. పెన్ను రెండుసార్లు పట్టి రెండుసార్లూ పెట్టేశాడు. మైకు ముందు మాట జారిందంటే జారింది. చచ్చినవాడి సొమ్ము మీద సంతకమంటే చెయ్యి కదలలేదు. చివరికి చెప్పులేసుకుని నర్మద ఇంటికి నడిచాడు.

నర్మద వాకిట్లో కూర్చుని కండెలు చుడుతోంది. అతన్ని చూసి చక్రం ఆపింది.

“గిదేందన్నా, తొవ్వ మర్చినవా?”

“గా సైగ అంతయ్యది చెల్లె. నాది గాదు.”

“తెలువనిదెవరికి?” అంది ఆమె. “గిది చెప్పనీకి వచ్చినవా?”

“ఇంకోటున్నది.” చూపు ఆగిన చక్రం మీద పెట్టాడు. “గా మంగళారం నాలుగ్గొట్టంగ నన్ను పిలిచిండు. చాయ్‌కి. నేను తలకాయ ఎత్తలే.”

నర్మద చేతిలోని కండె కింద పెట్టింది.

“చూసినవా?”

“చూసిన.”

“చూసి?”

“చూసి, తల దించుకున్న.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గా దినం పగటీలి సద్ది తెచ్చి కొట్లాడిన ఆయనతోని. ఇంటికి రాకు, మొకం జూపియ్యకని అన్న. గా మాటకే పోయిండని పన్నెండేండ్ల సంది అనుకుంటున్న. నా బిడ్డ గూడ గట్లనే అనుకుంటున్నది. పెద్దపల్లి నుంచి ఒక్క పండుగకు రాలే. నేను కొట్లాడినంక గూడ, నాలుగ్గొట్టంగ ఆయనకు చాయ్ తాగబుద్ధయ్యిందా అన్నా?”

సిద్దిరాములు కాగితం ఆమె ముందు పెట్టాడు. సినిమా సంగతి చెప్పాడు. పేరు అంతయ్యది రాయిస్తానన్నాడు, నువ్వు సంతకం పెడితే నాకూ వేషం ఉంటుందని మాత్రం అనలేకపోయాడు.

“ఆయన ఆఖరుసారి పిలిచిన పిలుపది,” అంది నర్మద. “దాన్ని చూసి మల్ల లోకం నవ్వాల్నా? నేనియ్య. నువ్వు గూడ ఇయ్యకు.”

“ఇయ్య.” ఆ ఒక్క మాటతో రెండో సినిమా తనకు లేనట్టేనని అతనికి తెలుసు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నన్ను తిట్టు చెల్లె.”

“తిడితే ఏమొస్తది? గప్పుడే చెప్తే నా బిడ్డ నాకు ఉంటుండె.”

నర్మద లోపలికి పోయి ఫోన్ తెచ్చి బిడ్డ భవ్యశ్రీకి చేసింది. అటువైపు మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అతను పోలేక, కూర్చోలేక వాకిట్లోనే నిలబడ్డాడు. నాలుగోసారికి ఎవరో ఎత్తారు.

“బిడ్డా, పెట్టెయ్యకు,” అంది నర్మద తొందరతొందరగా. “మీ బాపు సంగతి చెప్పాలె. సిద్దిరాములు మామ ఇక్కడనే ఉన్నడు. ఆయన నోటితోనే విను.”

ఫోన్ అతని చేతికిచ్చింది. సగం పోయిన చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

“బిడ్డా, నేను సిద్దిరాములును,” అన్నాడు. “గా దినం నాలుగ్గొట్టంగ మీ బాపు నన్ను చాయ్‌కి పిలిచిండు.”