కాసులమ్మ కవళ్ల పులుసు

అనకాపల్లిలో ఆ అపార్టుమెంటు లిఫ్టులో చేపలు ఎక్కొచ్చు, చేపలమ్మ మాత్రం ఎక్కకూడదు. వాసనట. కింద బేరమాడి కొన్నవాళ్లు చేపల సంచి పట్టుకుని దర్జాగా లిఫ్టులో పోయేవారు. అవే చేపల్ని గంపలో నెత్తిన పెట్టుకున్న కాసులమ్మ మెట్లెక్కేది. ఇన్నేళ్లలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తోటి ఆడవాళ్లు ఎగదోస్తే "లిఫ్టు ఆళ్లది, మోకాళ్లు నాయి" అని నవ్వేసేది.

ఆ మెట్లెక్కడం పై అంతస్తులో ఉండే అప్పాయమ్మగారి కోసం. ఆవిడ రిటైరైన టీచరు, కూతురు అక్సా దగ్గర ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే కాసులమ్మ వండి తెచ్చిన కవళ్ల పులుసు ఉండాలి. కవళ్లంటే చిన్న చేపలు, ముళ్లెక్కువ, పేదల కూర. అయినా అప్పాయమ్మగారికి దానికి మించిన వంట లేదు. "పరలోకంలో విందుంటాదని పాస్టరుగారు చెప్పేరు. ఈ పులుసు ఉంటాదో లేదో మాత్రం చెప్పలేదు" అనేది.

ఆ పులుసుకి పద్ధతుంది. శనివారం మట్టి దాకలో వండాలి, ఒక బెల్లం ముక్క వెయ్యాలి, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడే తినాలి. అన్నిటికన్నా ముఖ్యం కడగడం. పొలుసు తీసిన చేపని సముద్రం నీళ్లలోనే జాడించాలి, కొళాయి నీళ్లు తగలకూడదు. మంచినీళ్లు పడితే చచ్చిన చేప మళ్లీ చస్తుందని అత్త నేర్పిన మాట. అచ్యుతాపురం అవతల సముద్రం ఒడ్డునున్న కాసులమ్మ పల్లెలో ఆడవాళ్లందరిదీ అదే నమ్మకం. గెడ్డ, ఆ చిన్న వాగు, సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు నెమ్మదిగా ఉంటాయి కాబట్టి కాసులమ్మ ఎప్పుడూ అక్కడే కడిగేది.

ఆ శనివారం మొగ దగ్గర నురగ ఎక్కువగా ఉంది. సముద్రం పోటు మీద ఉందిలే అనుకుంది. ఇంటికొచ్చాక వేళ్ల సందుల్లో మంట పుట్టింది. కవళ్ల ముళ్లు గుచ్చుకున్నాయనుకుంది. వండింది. ఆదివారం పొద్దున్నే క్యానులో పోసి అక్సా చేతికిచ్చి, వీధుల్లో అమ్ముకోవడానికి వెళ్లిపోయింది.

గంప సగం ఖాళీ అయ్యేసరికి మొగుడు ఎల్లాజీ ఫోను చేశాడు. మొగ దగ్గర చేపలు తెల్లగా తేలిపోయాయట. శుక్రవారం రాత్రే ఏదో ఫ్యాక్టరీ నీళ్లు గెడ్డలోకి వదిలేసిందని జనం అనుకుంటున్నారట.

కాసులమ్మ గంప దించేసింది. "నేను అక్కడే కడిగేను మావా. పులుసు ఇచ్చీసేను."

"నోరిప్పకే," అన్నాడు ఎల్లాజీ. "ఈ మాట బయటికొత్తే మన పల్లె సేప ఎవడు కొంటాడు? అందరం మట్టికొట్టుకుపోతాం."

అక్సాకి ఫోను చేసింది. ఎత్తలేదు. చర్చిలో ఉంటారు. గంప ఎవరి అరుగు మీదో వదిలేసి పరుగెత్తింది. అపార్టుమెంటు గేటు దగ్గర ఆపేవాళ్లు లేరు, లిఫ్టు తలుపు తెరిచే ఉంది. అంత భయంలోనూ కాళ్లు మెట్లవైపే పోయాయి. పైన తలుపుకి తాళం.

తాళం ఎదురుగా మెట్టు మీద కూలబడింది. లేచి వెళ్లిపోవచ్చు. ఆ ముసలావిడకి ఏమైనా అయితే వయసు మీద పడింది, బీపీ అంటారు. పులుసు మాట ఎవరికి తడుతుంది? ఆ ఆలోచన వచ్చినందుకు కాసులమ్మకి తనమీద తనకే భయమేసింది. తలుపు వెనక స్టవ్వు పక్కన తన క్యాను ఉంది. అది లోపల ఊపిరి పీలుస్తున్నట్టే అనిపించింది. అరచేతులు చీరకేసి రుద్దుకుంటూ ఉండిపోయింది. మంట తగ్గలేదు.

లిఫ్టు ఆగింది. అక్సా, చేతికర్రతో అప్పాయమ్మగారు దిగారు.

"ఆ పులుసు తినకండి అమ్మగారూ," అంది కాసులమ్మ. చేతులు చాపి చూపించింది. నురగ, తేలిన చేపలు, ఎల్లాజీ వద్దన్నది, అన్నీ చెప్పేసింది.

అక్సా మొహం మాడిపోయింది. నమ్మి తింటే ఇదా చేసేదని నిలదీసింది. అప్పాయమ్మగారు గోడకి చెయ్యి ఆన్చింది.

"దాన్ని ఏమీ అనకు. చర్చికి వెళ్లే ముందే తినేసేను నేను. ఆగలేకపోయేను," అంది. పెదాలు తడుముకుంది. "నాలిక మండితే, ఇయ్యేళ కారం ఎక్కువేసిందనుకున్నాను."

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలోనే రెండుసార్లు వాంతయింది. సంగతి విన్న డాక్టరు నాడి చూస్తూ ఆ నీళ్లలో ఏం కలిసిందని అడిగాడు. అక్సా కాసులమ్మ వైపు చూసింది. తెలీదంది కాసులమ్మ. పల్లెలో ఎవరికీ తెలీదు. తెలిసిన ఫ్యాక్టరీవాళ్లు చెప్పలేదు. ఏం మింగిందో తెలియని మనిషికి ఏ మందివ్వాలో తెలియక, సెలైను పెట్టి కనిపెట్టుకుని ఉండమన్నాడు డాక్టరు.

అప్పాయమ్మగారు ఇల్లు చేరింది. కానీ గొంతు దిగాల్సిన ముద్ద ఇప్పటికీ సరిగా దిగడంలేదు. లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మాట బయటపడి కాసులమ్మ బేరాలు పోయాయి. పల్లెలో ఆడవాళ్లు ఆమెను చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఎల్లాజీ పొద్దున్నే వల వేస్తున్నాడు, పడిన చేపని చేత్తో పట్టుకోడానికి జంకుతున్నాడు.

వచ్చే సోమవారం కలెక్టరేటులో ఫిర్యాదులు తీసుకునే వేళకి కాసులమ్మ మొగ నీళ్లు సీసాలో పట్టుకుని వెళ్తానంటోంది. ఒంటరిగా వెళ్తే సీసా బల్ల కింద పెట్టించి పంపేస్తారు. ఆదివారం చేప తినే ప్రతి ఇంటినుంచీ ఒక్కరు ఆమె వెనక నిలబడండి. ఆ నీళ్లు పరీక్ష చెయ్యమని అడగండి. గెడ్డలోకి ఏం వదులుతున్నారో, ఎప్పుడు వదులుతున్నారో, ఒడ్డున తెలుగులో బోర్డు పెట్టి రాయమని అడగండి. డాక్టరు అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేదాకా ఆ ఆవరణ వదిలి రాకండి.