చెవి నిండుగా ఉన్న పోతు

ఏడో తరగతి దాటని నాకు విలువ కట్టినవాళ్ళు ఇద్దరే. లెక్కల మాస్టారు సున్నా అన్నాడు. మా అమ్మ ఒక మేకపోతు అంది. నేనిప్పటికీ అమ్మ పక్షమే.

మిరపతోటలో పురుగుమందు కొడుతూ నేను పడిపోయినప్పుడు, అమ్మ గుంటూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని మొక్కిందట: పిల్లాడు లేచి నడిస్తే, వచ్చే కొలుపుల్లో అమ్మవారికి పోతునిస్తానని. నేను లేచాను. ఊపిరి మాత్రం పూర్తిగా నాతో లేవలేదు. కాస్త నడిస్తే దగ్గు. మా దొడ్లో మూడు మేకలూ, ఒక నల్ల పోతుపిల్లా ఉన్నాయి. ఆ పోతుపిల్లను అమ్మ మొక్కు కోసం విడిగా కట్టేసింది.

వానలకు ముందు పశువుల ఆసుపత్రి అమ్మాయి వచ్చింది. ప్రతి మేకకూ చెవికి నంబరున్న పసుపు బిళ్ళ కొట్టాలి, ఫోనులో ఎక్కించాలి, ఆ తర్వాతే టీకా. చెవికి కన్నం పడ్డ పోతు మొక్కుకు చెల్లదని, చెవి నిండుగా ఉండాలని మా వాడ కట్టుబాటు. ఆ అమ్మాయి పక్క వీధిలో ఉండగానే కబురందింది. పోతుని బాత్‌రూములో పెట్టి తలుపేశాం.

"మెడకి కట్టకూడదా తల్లీ?" అనడిగింది అమ్మ.

"ఊడిపోద్దండీ. చెవికే కొట్టాలి."

లోపల పోతు అరిచినప్పుడల్లా బయట నేను గట్టిగా దగ్గాను. "ఏందన్నా ఆ దగ్గు, మేక అరిచినట్టుంది. చూపించుకో," అని ఆ అమ్మాయి మూడింటికీ బిళ్ళలు కొట్టి, సూదులేసి వెళ్ళిపోయింది.

వానలు పడ్డాక ఊళ్ళోకి పారుడు రోగం వచ్చింది. బిళ్ళలున్న మూడూ నిక్షేపంగా మేశాయి. నల్లపోతుకి ముక్కు కారింది, నోరు పుండైంది, నిలబడ్డచోటే పారింది. టీకా లేనిది అదొక్కటే. అమ్మ చేత్తో గంజి పట్టింది, మింగలేదు. చనిపోయాక చేను గట్టున గొయ్యి నేనే తవ్వబోయాను. సగానికే ఆయాసం వచ్చింది. మిగతా సగం అమ్మ తవ్వింది.

"అమ్మవారు వద్దందిరా," అంది పార పక్కన పెట్టి. "పోతుని కాదు, మొక్కునే వద్దంది."

అప్పటినుంచీ నేను దగ్గితే చాలు, చేతిలో పని వదిలేసి నా మొహం చూసేది.

ఇంకో పోతు కోసం తిరిగాం. ఇదివరకైతే ఏ దొడ్లో అడిగినా దొరికేది. ఇప్పుడు ప్రత్తిపాడు వైపు ఎక్కడ చూసినా పసుపు బిళ్ళలే. నల్లపాడులో మా బాబాయి తన మేకలన్నీ చూపించాడు.

"చెవి నిండుగా ఉన్నయ్యి పాలు తాగే పిల్లలే వదినా. కొమ్ములు రానిది చెల్లదు గదా. ఒకదాన్ని తీసుకుపోయి దాచి పెంచుకో."

"దాస్తేగా ఒకటి పోయింది," అంది అమ్మ.

కొలుపుల రోజున పసుపూ కుంకుమా కొబ్బరికాయా పట్టుకుని వెళ్ళింది. డప్పులు మోగుతుంటే అందరి వెనకా నిలబడింది. పదమన్నా ముందుకు కదల్లేదు. కొబ్బరికాయ కొట్టకుండానే తిరిగొచ్చింది.

పత్తిచేల పక్కన కొంగు నోటికడ్డం పెట్టుకుని నడుస్తోంది. నవ్వించాలని అన్నాను: "ఎందుకమ్మా బాధ? వచ్చే కొలుపులకి నన్నే తోలుకెళ్ళు. ఈ చుట్టుపక్కల బిళ్ళ పడని పోతుని నేనొక్కడినే."

అమ్మ ఆగింది. నా చెవి తమ్మె పట్టుకుని చూసింది.

"నీకు మూడో ఏటే చెవులు కుట్టించాగదరా ఎదవా. నువ్వూ చెల్లవు. నడువు."