శుక్రవారం గడి ఖాళీ

మా అక్క కొడుకు గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో కాలేజీలో చేరి నా గదిలో ఉండేవాడు. పందొమ్మిదేళ్ళవాడు. నేను ఐదో తరగతితో ఆగినవాణ్ణి. చువ్వల బరువు లెక్కలు ఇనుప యార్డులో సొంతంగా నేర్చుకున్నాను. వాడి చదువంటే గదిలో ఉన్న ఆరుగురికీ గర్వమే.

నలభై రెండు మంది క్లాసులో అంత నల్లగా ఉన్నది వాడొక్కడే. వెనక బెంచీవాళ్ళు రోజూ వాడి మెడకు సుద్ద పూసి నవ్వేవారు. నాలుగోవారం వాడు స్టీలు స్కేలుతో ఒకడి కనుబొమ్మ చీల్చాడు. కాలేజీవాళ్ళు కొన్నాళ్ళు రావద్దన్నారు. అప్పటినుంచి నుదురు గోడకేసి కొట్టుకోవడం మొదలైంది. ఆపబోతే నా మణికట్టు కొరికాడు.

"ఆసుపత్రికి తీసుకపోదాం" అన్నాను.

గదిలో అందరికంటే పెద్దవాడైన నిజామాబాద్ అన్న ఒప్పుకోలేదు. "పాగల్ అని కాయితం మీద రాస్తె వీసా ఖలాస్. పిలగాడు ఇంటికే. మనమే సూసుకుందాం తమ్మీ."

కత్తులు, తాళ్ళు దాచాం. మా డ్యూటీలు వేరువేరు గనుక ఎవరు ఏ గంటలో వాడి దగ్గర ఉండాలో సిమెంటు సంచి కాగితం మీద గడులు గీశాను. సందు లేదని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. శుక్రవారం మాత్రం ఎవరి పేరూ రాయలేదు. ఆ రోజు సెలవు, అందరం గదిలోనే ఉంటాం కదా.

శుక్రవారం ఒకరు మాంసం కడుగుతున్నారు, ఒకరు బట్టలు ఉతుకుతున్నారు, నేను గడ్డం గీసుకుంటున్నాను. పక్కవాడు చూస్తున్నాడులే అని ప్రతివాడూ అనుకున్నాం. స్నానాలగదిలోంచి గరగరమని చప్పుడు వచ్చింది. తలుపు తన్ని తెరిచాం. యార్డులో చువ్వల తుప్పు గీకే నా తీగల బ్రష్‌తో వాడు చెంపలూ చేతులూ రుద్దుకుంటున్నాడు. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి.

బ్రష్ లాగబోతే అన్న ముఖం మీద గుద్దాడు. పన్ను ఊడింది. నలుగురం నేలకేసి అదిమాం. నేను వాడి గుండెల మీద కూర్చుని రెండు దెబ్బలు కొట్టాను.

"ఇంకా కొట్టు మామా. తోలు ఊడేదాక కొట్టు."

నా చెయ్యి మళ్ళీ లేవలేదు. దుప్పటి చుట్టి టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

"ఇనుము మీద పడ్డడని చెప్పు" అన్నాడు అన్న, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని. డాక్టరు ఉర్దూలో ఎలా జరిగిందని అడిగాడు. ముప్పై ఎనిమిది రోజుల సంగతి, సుద్ద దగ్గర నుంచి బ్రష్ దాకా, నేను కొట్టిన రెండు దెబ్బలతో సహా చెప్పేశాను.

ఆయన రాసుకోవడం ఆపి వాడివైపు తిరిగాడు. "నిద్ర వస్తోందా బేటా?"

మాలో ఎవరం వాణ్ణి ఆ మాట అడగలేదు. వాడు ఏడవడం మొదలుపెట్టాడు. డాక్టరు మమ్మల్ని బయటకు పంపాడు.

వరండాలో అన్న నా చెంప పగలగొట్టాడు. "పిలగాని సదువు నీ చేతులార ఖతం జేసినవ్."

చెవి గుయ్యిమంటోంది. తలుపు అవతల వాడు మాట్లాడుతున్నాడు, వచ్చీరాని ఉర్దూలో, ఆపకుండా. గోడకు ఆనుకుని వింటూ నిలబడ్డాను.